కొండెక్కిన దీపాలు

"ఆ తూనీగను అమ్మేసి ట్రాక్టరు కొనండని నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నాను," అంది సీతారావమ్మ, ఇడ్లీపాత్ర మూత తీస్తూ.

"ఒక్కసారి ఎక్కి చూడవే. భయమేస్తే రేపే అమ్మేస్తా," అన్నాడు రామకోటేశ్వరరావు. రైసుమిల్లు బాగా నడిచిన ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బుల్లి విమానమది. కన్నపిల్లలనైనా అంత మురిపెంగా తుడవలేదని అతని తల్లి మాణిక్యమ్మ దెప్పుతూనే ఉంటుంది.

పందెం కుదిరింది. గన్నవరం దగ్గర వాళ్ళ పొలంలోనే చదును చేయించిన మైదానానికి బంధుబలగమంతా తరలివచ్చింది. రేడియో సెట్టు ముందు సీతారావమ్మ తమ్ముడు బసవపున్నయ్య కూర్చున్నాడు.

భర్త పక్కన సర్దుకుని కూర్చున్న సీతారావమ్మకు దీపం బొమ్మ ఉన్న మీట కనిపించింది. శుభమా అని బయల్దేరుతూ దీపం పెట్టకపోతే ఎలా? నొక్కింది. రెక్కల కొసల్లో దీపాలు వెలిగాయి. ఇంజను గొడవలో ఉన్న భర్త గమనించనే లేదు.

పైకి వెళ్ళాక భయం సంగతే మరిచిపోయింది. పచ్చటి చేల మధ్య కాలవలు మంగళగిరి చీర అంచుల్లా మెరుస్తున్నాయి.

గుణదల కొండ దగ్గర వెనక్కి తిరిగి, రామకోటేశ్వరరావు చక్రాలు దించే మీట వేశాడు. మోటారు గుర్రుమంది. చక్రాలు దిగి బిగుసుకుంటే ఎదుట మూడు పచ్చదీపాలు వెలగాలి. వెలగలేదు.

"దీపాలు లేవే! మీవాడికి చెప్పు!"

దీపం ఆరిపోయిందనే మాట సీతారావమ్మ నోట ఏనాడూ రాలేదు.

"ఒరే తమ్ముడూ, దీపాలు కొండెక్కాయిరా!"

రేడియో గరగరలో 'దీపాలు' అన్న మాట ఎగిరిపోయింది. బసవపున్నయ్య చెవిన "కొండెక్కాం" అని పడింది.

"ఎక్కడక్కా?"

"గుణదల దగ్గరరా!"

అతను సెట్టు వదిలేసి పరుగెత్తాడు. "విమానం గుణదల కొండెక్కిందట!"

"కారే తిన్నగా తోలలేనివాడికి విమానమెందుకురా నాయనా!" అని మాణిక్యమ్మ గుండెలు బాదుకుంది. మోకులు, నిచ్చెనలు, మిల్లు కూలీలతో సహా అందరూ లారీ ఎక్కారు.

చక్రాలు దిగాయో లేదో కిందివాళ్ళు చూసి చెబుతారని రామకోటేశ్వరరావు మైదానం మీద బాగా కిందుగా తిప్పాడు. కింద నరపురుగు లేదు.

"మీవాళ్ళేరే?"

"మీవాళ్ళు మాత్రం ఉన్నారేంటండీ?"

చక్రాల కోసం సీతారావమ్మ కిటికీలోంచి తొంగిచూస్తే రెక్క చివర దీపం కనిపించింది. "బయల్దేరడం ఎప్పుడో అయిందిగా, పట్టపగలు కరెంటు దండగ," అంటూ ఆ దీపం మీట ఆపేసింది.

మూడు పచ్చదీపాలూ ధగ్గుమన్నాయి. రెక్కల దీపాలు వేస్తే, రాత్రిపూట కళ్ళకు గుచ్చుకోకుండా ఇవి పగటి వెలుగులో కనపడనంతగా మసకబారతాయని అమ్మినవాడు చెప్పిన సంగతి రామకోటేశ్వరరావుకి అప్పుడు గుర్తొచ్చింది.

ముళ్ళు గీరుకున్న కాళ్ళతో బంధువులంతా తిరిగొచ్చేసరికి, దంపతులిద్దరూ రెక్క నీడలో పులిహోర తింటున్నారు.

"కొండంతా గాలించాం కదే!" అంది మాణిక్యమ్మ, ఏడుపూ కోపమూ కలిపి.

"రేపే అమ్మేస్తానులే," అన్నాడు రామకోటేశ్వరరావు తల వంచుకుని.

సీతారావమ్మ అందరికీ ఆకులు వేసి, నెమ్మదిగా చెప్పింది. "అమ్మడం లేదు. వచ్చే నెల దీంట్లోనే మంగళగిరి వెళ్తున్నాం, చీరలకి."

అతని మొహం వెలిగిపోయింది. "కానీ అక్కడ దిగడానికి చదును నేల ఏదే?"

"చేయించండి. దానికెలాగూ ట్రాక్టరు కొంటున్నాంగా."

రామకోటేశ్వరరావు అప్పటిదాకా పందెం తనే గెలిచాననుకుంటున్నాడు.