ఎక్కకముందే ఎక్కేసిన నలభైమంది

ఒక పెద్ద అడవిలో, పెద్దదంటే మరీ అంత పెద్దదేం కాదు, ఒక ఆఫీసూ దానికో గేటూ పట్టేంత పెద్ద అడవిలో, మబ్బుమెట్ట అనే కొండ ఉండేది. ఆ కొండ కింద మాణిక్యమ్మ అనే ఏదుపంది ఒక బొరియలో కాపురముండేది.

మాణిక్యమ్మకి మిగిలిన కోరిక ఒక్కటే. కొండకి అవతల ఆవిడ పుట్టిన నేరేడు తోపు ఉంది. చిన్నప్పుడు అడవి అంటుకున్న ఏడాది, తల్లి తోక పట్టుకుని కొండ చుట్టూ పరిగెత్తి ఇటువైపు వచ్చిపడింది. మళ్ళీ అటు వెళ్ళింది లేదు. చుట్టుదారిలో ఇప్పుడు మనుషుల రోడ్డు పడింది, దాని మీద లారీలు. కానీ మబ్బుమెట్ట పైకెక్కితే తోపు కనబడుతుందని ఓ గద్ద చెప్పింది.

"ఒక్కసారి కళ్ళారా చూసి దిగొచ్చేస్తాను. అంతకంటే నాకేం వద్దు," అనేది మాణిక్యమ్మ. అప్పటికే పొద్దున లేవగానే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇంకో వానాకాలం గడిస్తే చూడ్డానికి కళ్ళుంటాయి గానీ ఎక్కడానికి కాళ్ళుండవని ఆవిడ భయం.

మరి ఎక్కెయ్యొచ్చుగా అంటారా? మీరు ఆ అడవికి కొత్త, అందుకే అలా అంటున్నారు.

కొన్నేళ్ళ కింద ఓ అడవిపంది ఆ కొండమీద కాలుజారి పడింది. పడ్డది మూడడుగులే. లేచి దులుపుకుని దుంపలు తవ్వుకోడానికి వెళ్ళిపోయింది కూడా. కానీ సంగతి అడవి పెద్ద, ఏనుగు మహాదేవయ్యగారి చెవిదాకా వెళ్ళింది. ఆ చెవుల్లోకి ఏం వెళ్ళినా ఒక శాఖ అయి బయటికొస్తుంది. అలా వచ్చిందే కొండ సాహసాల శిక్షణ సంస్థ. కొండకి అడ్డంగా ముళ్ళకంప గేటు పెట్టారు. కొత్తగా ఎక్కేవాళ్ళు మూడు నెలలు శిక్షణ పొందాలి, ఆ తర్వాత గైడు వెంట మాత్రమే ఎక్కాలి అని బోర్డు రాసిపెట్టారు.

సంస్థకి డైరెక్టరు దుప్పి కమలాకరం. కొమ్ములు చూస్తే ముచ్చటేస్తుంది. కొండ గురించి ఆయన మాట్లాడుతుంటే వినాలి! "కొండని జయించకూడదు, ప్రేమించాలి," అంటూ కళ్ళు మూసుకునేవాడు. ఆయన ప్రేమంతా దూరంనుంచే. మొదటి మలుపు దాటి ఏనాడూ పైకి వెళ్ళలేదు. గుమాస్తా పందికొక్కు సన్యాసిరావు. ఫైళ్ళు చూసేదీ ఆయనే, కొరికేదీ ఆయనే. ఇక గైడు, అలుగు వీరాస్వామి. ఒళ్ళంతా పొలుసులు, యుద్ధానికి బయల్దేరినవాడిలా ఉంటాడు. పక్కన ఆకు రాలిందా, బంతిలా చుట్టుకుపోతాడు.

"గైడుగారు ముడుచుకుంటే కంగారు పడకండి," అని మొదటి క్లాసులోనే చెప్పాడు డైరెక్టరు. "ముందు ప్రమాదం ఉందని మీకు సూచిస్తున్నారన్నమాట."

"మరి అప్పుడు మేమేం చెయ్యాలండీ?" అని అడిగింది మాణిక్యమ్మ.

"ఆయన విచ్చుకునేదాకా ఆగాలి."

ఆ విడతలో నలభైమంది చేరారు. నక్కలు, కుందేళ్ళు, ముంగిసలు, శిఖరం మీద ఫొటో దిగితే ఏ రంగు బాగుంటుందో కనుక్కుందామని వచ్చిన ఓ నెమలి. రోజూ హాజరు వేసి, ఒక ఉపన్యాసం విని, అటుకులు తిని ఇంటికెళ్ళేవాళ్ళు. సామాన్లు కూడా ఇచ్చారు. వీపుకో సంచి, మెడకో ఈల, నడుముకో బెల్టు. మాణిక్యమ్మకి బెల్టు దగ్గరే వచ్చింది చిక్కు. ముళ్ళ మీద అది బిగుసుకోదు.

"బెల్టు ఒంటికి ఆనాలని రూల్లో ఉందమ్మా. ముళ్ళు తీసేసి రండి," అన్నాడు సన్యాసిరావు.

"ముళ్ళు తీసేస్తే ఇంక నేనేం మిగుల్తాను బాబూ?"

"అది మా శాఖ చూసే విషయం కాదమ్మా."

చివరికి వారంపాటు తిరగ్గా, 'బెల్టు కట్టుకున్నట్టుగా భావించడమైనది' అని రాసి ముద్ర కొట్టాడు.

మాణిక్యమ్మ మాత్రం ఇంటి దగ్గర తన సాధన తను చేసుకునేది. పొద్దున్నే ఓ పెద్ద చెదపుట్ట పదిసార్లు ఎక్కి దిగేది. తర్వాత సంచిలో రాళ్ళు వేసుకుని ఎక్కేది. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు మోకాళ్ళు పోతాయి అని కనిపెట్టి, పక్కకి తిరిగి చిన్న చిన్న అడుగులేస్తూ దిగడం నేర్చుకుంది. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య గుక్కెడు తాగడం అలవాటు చేసుకుంది. గద్దని బతిమాలి దారంతా చెప్పించుకుంది. ఎక్కడ మట్టి జారుతుంది, ఎక్కడ నీటి ఊట ఉంది, మబ్బు ఎన్ని గంటలకి కమ్ముకుంటుంది, అన్నీ.

"ఈ వయసులో ఏంటమ్మా నీకీ పిచ్చి?" అని నక్క నవ్వేది. మాణిక్యమ్మ కూడా నవ్వేసి మళ్ళీ పుట్టెక్కేది.

శిక్షణ అయిపోయింది. సోమవారం పొద్దున ఎక్కాలి, దిగొచ్చాక ముగింపు సభ, మహాదేవయ్యగారి చేతులమీదుగా సర్టిఫికెట్లు. అంతా ఖాయమైంది. తీరా చూస్తే మహాదేవయ్యగారికి సోమవారం కుదర్దట. ముందటి శుక్రవారమైతే ఖాళీ అట.

డైరెక్టరు తల పట్టుకున్నాడు. సన్యాసిరావు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. "ముగింపు సభ ముందు కానిచ్చేద్దామండీ. పెద్దాయన దొరకడం కష్టం గానీ కొండకేం, ఎప్పుడైనా ఎక్కొచ్చు."

శుక్రవారం సభ అదిరిపోయింది. వెనకాల మబ్బులూ శిఖరమూ బొమ్మ గీసిన తెర కట్టారు. దాని ముందు ఒక్కొక్కరికీ శాలువా, సర్టిఫికెట్టు, ఫొటో. 'మబ్బుమెట్ట శిఖరాన్ని విజయవంతంగా అధిరోహించినందుకు' అని దానిమీద బంగారు రంగు అక్షరాలు.

"ఇంకా ఎక్కలేదు కదండీ," అని మాణిక్యమ్మ నసిగింది.

"రిజిస్టర్లో సంతకం పెట్టండమ్మా, వెనక లైనుంది. సోమవారం ఎక్కుతారుగా!" అన్నాడు సన్యాసిరావు.

పెట్టింది. మహాదేవయ్యగారు తొండంతో శాలువా కప్పుతుంటే, అందరూ చప్పట్లు కొడుతుంటే, నిజం చెప్పొద్దూ, ఆవిడకీ కాస్త బాగానే అనిపించింది. శాలువా ముళ్ళకి తగిలి చిరిగిందనుకోండి, అది వేరే సంగతి.

సోమవారం తెల్లవారేసరికి గేటు దగ్గరికి వచ్చింది మాణిక్యమ్మ ఒక్కతే. మిగతావాళ్ళు సర్టిఫికెట్లు గోడకి తగిలించుకునే పనిలో ఉన్నారు. సన్యాసిరావు రిజిస్టరు తిరగేశాడు.

"మీరు ఎక్కేశారు కదమ్మా?"

"ఎక్కడెక్కాను నాయనా! ఎక్కడానికే కదా వచ్చాను."

"ఇదిగో మీ సంతకం. ఈ గైడూ ఈ గేటూ కొత్తవాళ్ళకి. మీరిప్పుడు అనుభవజ్ఞులు. అనుభవజ్ఞుల విభాగం ఇంకా మంజూరు కాలేదు."

"అయితే ఈ సర్టిఫికెట్టు వెనక్కి తీసేసుకో బాబూ."

"అలా తీసుకోకూడదమ్మా. మీరు శిఖరం ఎక్కలేదని ధ్రువపత్రం తీసుకురండి, ఇద్దరు సాక్షుల సంతకాలతో. మీరు ఎక్కకపోవడం కళ్ళారా చూసినవాళ్ళై ఉండాలి."

మూడు వారాలు కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడం చూసినవాళ్ళు ఎవరైనా దొరుకుతారు గానీ ఎక్కకపోవడం చూసినవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? తోటి విడతవాళ్ళని అడిగితే ముఖం తిప్పుకున్నారు. ఆవిడ ఎక్కలేదని చెబితే తామూ ఎక్కలేదని తేలిపోదూ! పడమట మబ్బులు పేరుకుంటున్నాయి. తొలి చినుకు పడిందంటే నాలుగు నెలలు గేటు మూసేస్తారు. ఓ సాయంత్రం గేటు పక్కన కూలబడి, "ఎందుకు పెట్టానమ్మా ఆ సంతకం, నా చెయ్యి విరగ," అని మాణిక్యమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఈలోపు తక్కిన ముప్ఫైతొమ్మిదిమందీ ఊరుకున్నారా? శిఖరం మీద సరస్సుందని నక్క చెప్పింది. మంచు కూడా ఉందని నెమలి చెప్పింది. అక్కణ్ణించి ఏడు అడవులు కనబడ్డాయని ఓ కుందేలు ప్రమాణం చేసింది. వినీ వినీ మహాదేవయ్యగారికి మనసు పుట్టింది.

"ఇంతమంది ఎక్కాక నేనెక్కకపోతే ఏం బాగుంటుందయ్యా? గురువారం బయల్దేరదాం. నలభైమందీ నాకు దారి చూపిస్తారు," అన్నాడు.

బుధవారానికల్లా ముప్ఫైమందికి కాలు బెణికింది. గైడు వీరాస్వామి వార్త విన్నప్పుడు ముడుచుకున్నవాడు మళ్ళీ విచ్చుకోలేదు. డైరెక్టరు కమలాకరం చెమటలు కక్కుతూ స్వయంగా మాణిక్యమ్మ బొరియ దగ్గరికి వచ్చాడు.

"మాణిక్యమ్మగారూ, మీరు నిజంగా కొండ..."

"ఎక్కానని మీరే కదండీ రాసిచ్చారు."

"నన్ను చంపకండి తల్లీ. దారి తెలుసా, లేదా?"

"దారి తెలుసు. కాళ్ళూ సిద్ధంగా ఉన్నాయి. లేనిదల్లా గేటు తీసేవాళ్ళే."

"రేపు తీస్తాం. మీరు వెంట ఉండండి చాలు. పెద్దాయనకి విషయం తెలిసిందంటే సంస్థ ఉండదు, నేనూ ఉండను," అని డైరెక్టరు కొమ్ములు వంచి దణ్ణం పెట్టాడు.

గురువారం డప్పులతో గేటు తీశారు. ముందు గైడుని, చుట్టుకుని ఉన్నవాణ్ణి ఉన్నట్టే, దొర్లించుకుంటూ నడిచారు. వెనక మహాదేవయ్యగారు, డైరెక్టరు, కుంటడానికి సాకు దొరకని తొమ్మిదిమంది. మాణిక్యమ్మని అందరికంటే చివర పెట్టాడు సన్యాసిరావు. "పెద్దాయనకి గుచ్చుకుంటే ఎవరమ్మా జవాబుదారీ?" అన్నాడు.

మొదటి మలుపు దగ్గర ఏటవాలు మొదలైంది. తోస్తున్న ముంగిస చెయ్యి జారింది. గైడుగారు జారారు. దొర్లుతూ, ఎగురుతూ, అందరినీ దాటి, గేటు కూడా దాటి కిందికి వెళ్ళిపోయారు.

"ఏదో పెద్ద ప్రమాదమే చూసుంటారు," అన్నాడు డైరెక్టరు నీరసంగా.

మహాదేవయ్యగారికి అప్పటికే రొప్పు వచ్చేసింది. పక్కన ఓ చదునైన బండ కనబడితే దాని మీద చతికిలబడి, "ఇంకెంతుందయ్యా?" అన్నాడు.

ఇంకా ముప్పాతిక కొండ ఉందని ఎవరు చెబుతారు? మాణిక్యమ్మ పడమటి మబ్బులకేసి చూసింది. ఈయన వెనక్కి తిరిగాడంటే గేటు మూసేస్తారు, ఆపైన వాన. మోకాళ్ళు ఇంకో ఏడాది ఆగవు.

మహాదేవయ్యగారు పైకి చూశాడు, మెడ నొప్పెట్టింది, కిందికి చూశాడు. "నేను కూర్చున్న తర్వాత ఇంకా పైన ఏముంటుంది?" అన్నాడు నెమ్మదిగా.

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. "ఏమీ ఉండదండీ! ఇదేనండీ శిఖరం! మహాప్రభో, ఎక్కేశారు!"

"అవునండీ, నేను చూసిన బండ ఇదే," అంది నక్క.

"సరస్సు ఉందన్నావు?"

"ఎండిపోయినట్టుందండీ."

"మంచో?"

"కరిగిపోయిందండీ," అంది నెమలి.

సన్యాసిరావు అక్కడికక్కడే కాగితం తీసి, మబ్బుమెట్ట శిఖరం మొదటి మలుపు దగ్గరి బండేనని, పూర్వం నుంచీ అక్కడే ఉందని రాసి ముద్ర కొట్టాడు. ఆ ముద్రతో నలభై సర్టిఫికెట్లూ నిజమైపోయాయి. డప్పులు మళ్ళీ మోగాయి. పెద్దాయన్ని జాగ్రత్తగా కిందికి దించడం మొదలుపెట్టారు.

మాణిక్యమ్మ సన్యాసిరావు పక్కకి చేరింది. "గుమాస్తాగారూ, మరి అదేంటి?" అంటూ పైకి చూపించింది. అక్కడ కొండ మబ్బుల్లోకి లేచి నిలబడి ఉంది.

ఆయన పైకి చూశాడు. కాగితంలోకి చూశాడు. "ఏదమ్మా?"

"అంత ఎత్తున కనబడుతోంది కదా బాబూ."

"శిఖరం ఇక్కడితో అయిపోయిందమ్మా. ఆ పైన కొండ ఉన్నట్టు మా రికార్డులో లేదు."

"లేనిదాని మీదికి వెళ్ళాలంటే అనుమతి కావాలా?"

సన్యాసిరావు రూల్సు పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేసి, ఓ మూల కొంచెం కొరికి కూడా చూశాడు. "లేనిదానికి అనుమతి ఎలా ఇస్తామమ్మా? గైడు రాడు, గేటుండదు. మీరు పడ్డా పడ్డట్టు మేం రాసుకోం."

"అంతకంటేనా నాయనా," అంది మాణిక్యమ్మ. ఈల తీసి ఆయన చేతిలో పెట్టింది. సంచి సర్దుకుంది.

మట్టి జారేచోట పక్కగా వెళ్ళింది. ఊట దగ్గర గుక్కెడు తాగింది. అలుపొచ్చినప్పుడల్లా నిలబడింది, సిగ్గుపడకుండా నిలబడింది. ఎండ నెత్తికెక్కి మళ్ళీ వాలే వేళకి కొండ అయిపోయింది. పైన సరస్సూ లేదు, మంచూ లేదు. గడ్డి, గాలి, ఎవరో ఎప్పుడో వేసిన పేడ.

అవతల, చాలా కింద, తోపు కనబడింది. తను అనుకున్నదానికంటే బాగా చిన్నది. కాలిన వైపు కొత్త చెట్లు లేచాయి. కాలనివైపు పాతవి నల్లగా, గుబురుగా ఉన్నాయి. వాటిలో తమ చెట్టేదో గుర్తుపట్టాలని చూసింది, చాతకాలేదు. అయినా ఉంది కదా, తోపు ఉంది. మాణిక్యమ్మ ముళ్ళన్నీ విప్పుకుని గట్టిగా, ఎవరూ వినరన్న ధైర్యంతో, "అమ్మా!" అని ఒక్క కేక పెట్టింది. చీకటి పడకముందే దిగాలి గనక కళ్ళు తుడుచుకుని, పక్కకి తిరిగి చిన్న చిన్న అడుగులతో దిగడం మొదలెట్టింది.

నీతి: పెద్దవాళ్ళకి తొందరగా ఆయాసం వచ్చే అడవిలో చిన్నవాళ్ళకి శిఖరాలు ఖాళీగా దొరుకుతాయి.