పిల్లను చూపించి సెలవు పొందవలెను

ఒక పెద్ద అడవిలో, ఏ జంతువు ఏటి నీళ్ళు ఎప్పుడు తాగాలో వంతులు రాసిచ్చే ఆఫీసొకటి ఉండేది. కాగితం వచ్చేదాకా అందరూ ఒడ్డునే నాలుక చప్పరిస్తూ నిలబడేవాళ్ళు.

అందులో సెలవుల గుమాస్తా ముంగిస మాణిక్యం. తనకింకా పిల్లలు లేని రోజుల్లో ఆమెకొకటే కడుపుమంట: పద్నాలుగు మంది పిల్లల తల్లి కుందేలు పేరిందేవి వారం వారం సెలవడుగుతోందని. అందుకే తెలివంతా కూడగట్టి ఓ రూలు రాసింది: "జబ్బు పిల్లను ఆఫీసులో అందరికీ చూపించి సెలవు పొందవలెను."

ఎలుగుబంటి సూపరింటెండెంటు "భేష్!" అని వీపు చరిచాడు. మూడు రోజులు నడుం పట్టేసినా మాణిక్యం సెలవు పెట్టలేదు. గర్వం అలాంటిది.

ఏడాది తిరిగేసరికి ఆమెకూ ఓ కూతురు. ఒక పొద్దున దానికి కళ్ళకలక. రెప్పలు పుసులతో అంటుకుపోయి, "అమ్మా, చీకటి" అంటూ మెడ వదలదు.

మాణిక్యం దాన్ని పక్కింట్లో వదిలి, ఏడుపు చెవిలో మోగుతుండగానే పరుగెత్తింది.

"సార్, నాలుగు రోజులు సెలవివ్వండి."

"పిల్లేదమ్మా?"

"కళ్ళకలక సార్. చూస్తేనే అంటుకుంటుందంటారు."

"చూడకుండా ఇవ్వమని రూల్లో ఉందా? రాసింది నువ్వేగా!"

లేదు. రాసిననాడు ఆమెకు తెలిసిన జబ్బల్లా కుందేలు అబద్ధమొక్కటే.

గుమ్మంలో పేరిందేవి చెవులాడించింది. "మా తొమ్మిదోవాణ్ణి వానలో మోసుకొస్తే, 'దగ్గు ఇంకాస్త గట్టిగా ఉండాలే' అన్నావు గుర్తుందా వదినా?"

మాణిక్యం వెనక్కి పరుగెత్తింది. వెళ్ళి పిల్లను తెచ్చింది. ఎలుగుబంటి రెప్పలు విప్పి మరీ చూశాడు. నక్క చూసింది. అనుమానం తీరక దుప్పి రెండుసార్లు చూసింది.

"రేపు చెబుతాలే," అన్నాడు ఎలుగుబంటి.

రేపటికి ఆఫీసంతా ఎర్రటి కళ్ళు. నక్క సారనుకుని గోడకు సలాము కొట్టింది. ఎలుగుబంటి కళ్ళు మూసుకుని, మాణిక్యం చెయ్యి పట్టి చూపించినచోటల్లా సంతకం పెట్టాడు. అందరికీ వారం సెలవు, అందరికంటే ముందు ఆమెకు.

ఇంటి దారిలో పిల్ల ఒక కన్ను తెరిచి అమ్మను చూసింది. మాణిక్యం ప్రాణం లేచొచ్చింది.

వెనకే వస్తున్న పేరిందేవి అడిగింది: "సంతకాలు పెట్టించావు సరే, ఆ రూలు రద్దు చేయించావా?"

మాణిక్యం నడిదారిలో ఆగిపోయింది. "అయ్యో! నా సెలవు దొరికిన సంబరంలో..."

"పోనీలే వదినా. మా పదోదానికి గజ్జి లేచింది. ఆఫీసు తెరవగానే తీసుకొస్తా."

నీతి: సెలవు అడిగితే రాదు, అంటిస్తే వస్తుంది.