ఫ్రిజ్ మీది మూడు పేర్లు

మంగళవారం పొద్దున డెల్మార్ వోసికా పెట్టుకున్న పని ఒక్కటే, గొలుసు కర్రలకు నారింజ రంగు వెయ్యడం. ఎల్మ్ ఫోర్క్ హైస్కూలు ఫుట్‌బాల్ ఆటల్లో బంతి పది గజాలు కదిలిందో లేదో కొలిచే గొలుసు అది. ముప్పై ఒక్క ఏళ్ళుగా దాని ఒక కొస డెల్మార్ చేతిలోనే ఉంది. నెబ్రాస్కాలోని ఆ ఊరివాళ్ళు మేయరు పేరు మరిచిపోతారు గానీ గొలుసు ఎవరు పట్టుకుంటారో మరిచిపోరు.

రంగు డబ్బా మూత తీయకముందే స్నేహితుడు యూజీన్ ఫోన్ చేశాడు.

"ఈ ఏడు మనకి తిరుగులేదురా! బంతి పట్టడానికి రిసీవర్లు ముగ్గురూ గద్దల్లా ఉన్నారు."

"ముగ్గురే ఉన్నారు."

"చాలరా ఏంటి?"

"మొదటివాడి మోకాలు పోతే?"

"రెండోవాడు లేడూ?"

"వాడి భుజం జారితే?"

"నీ నోట ఒక్క మంచి మాట రాదేంట్రా!"

మాటల్తో చెప్పి ఒప్పించడం డెల్మార్‌కి చేతకాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే, ఫ్రిజ్‌కి అంటించి ఉన్న కాగితం మీద రాశాడు. కోల్టర్: మోకాలు. బ్రాడీ: భుజం. వెస్: ఒంటరి. తర్వాత: ఎవరూ లేరు. "చూశావా?" అన్నాడు. అవతల యూజీన్‌కి ఏం కనబడుతుంది? వాడు ఫోన్ పెట్టేశాడు. డెల్మార్ షెడ్డులోకి పోయాడు.

ఆ కాగితం చర్చిది. ఊళ్ళో ఎవరికి బాగాలేకపోయినా అందులో పేరు, పక్కన బాధ రాస్తారు. తొమ్మిదింటికి డెల్మార్ భార్య లవాన్ అది చూసి ఒకామెకు ఫోన్ చేస్తుంది, ఆమె ఇంకొకామెకు. అరగంటలో ఊరంతా ప్రార్థనలో ఉంటుంది. ఇరవై ఏళ్ళలో లవాన్ ఒక్క పేరు వదల్లేదు. ఆ రోజూ వదల్లేదు.

పదింటికల్లా కోల్టర్ ఇంటి వరండాలోకి బంగాళాదుంప, మాంసం, జున్ను పేర్చి కాల్చిన పళ్ళేలు తొమ్మిది చేరాయి. గడ్డి మోపులు మోసి వచ్చిన కోల్టర్ రెండు పళ్ళేలు నిలబడే ఖాళీ చేశాడు. మాజీ సైనికుల హాలు నుంచి వాడికి చంకకర్రలు వచ్చాయి. బ్రాడీ భుజం ఊరికే చూస్తానని పశువుల డాక్టరు కబురు పెట్టాడు. ఒంటరి వెస్‌ని నాలుగు ఇళ్ళవాళ్ళు భోజనానికి పిలిస్తే, నాలుగు చోట్లా తిన్నాడు. మధ్యాహ్నం పక్క ఊరి కోచ్ కూడా ఫోన్ చేసి, నవ్వాపుకుంటూ సానుభూతి చెప్పాడు.

రెండింటికి కోచ్ బ్రాంట్ ట్రక్కు షెడ్డు ముందు ఆగింది.

"డెల్మార్ గారూ, నా జట్టుని మంచాన పడేశారేంటండీ?"

"మంచానెవడూ పడలేదు. పడితే ఎవడున్నాడని అడిగా."

"గొలుసు పట్టేవాళ్ళు జట్టు గురించి మాట్లాడకూడదు. మీకు తెలీదా?"

"మాట్లాడలేదు. రాశా."

"శుక్రవారం సామూహిక భోజనాల్లో అందరిముందు తప్పయిందని చెప్పండి. లేదంటే గొలుసు యూజీన్ గారికిస్తా."

డెల్మార్ కుంచె ఆగింది. గొలుసు యూజీన్‌కా! వాడికి తన బెల్టే సరిగా కొలిచి పెట్టుకోవడం రాదు.

"నేను రాసింది నిజం. ఇచ్చుకో," అన్నాడు, కర్రకి రెండో పూత వేస్తూ.

ఇంట్లోకి వెళ్తే లవాన్ కాచుకుని ఉంది. "నా కాగితం మీద నీ ఆటలేంటయ్యా? అది దేవుడికి వెళ్ళేది!"

"వెళ్ళనీ. నాలుగోవాడు లేడని ఆయనకీ తెలియాలి."

శుక్రవారం భోజనాల హాలు కిటకిటలాడింది. యూజీన్ కొత్త బెల్టు పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. డెల్మార్ లేచాడు. గోడకి ఆనించిన గొలుసు కర్రల వైపు ఒకసారి చూశాడు.

"కోల్టర్ మోకాలు బాగుంది. బ్రాడీ భుజమూ బాగుంది. వెస్ బాగా తింటున్నాడు." జనం నవ్వారు. "కానీ ఉన్నది ముగ్గురే. తప్పయిందని నేను చెప్పను. గొలుసు తీసుకోండి."

ఎవరూ కదల్లేదు. బ్రాంట్ మెడ గోక్కుంటూ లేచాడు.

"ముగ్గురు కాదండీ, ఇప్పుడు ఎనిమిది మంది. ముగ్గురూ పడిపోయారని విని, ఖాళీలున్నాయనుకుని బుధవారం ఐదుగురు కొత్తగా వచ్చారు. వాళ్ళలో ఇద్దరు కోల్టర్ కంటే బాగా పడుతున్నారు." జేబులోంచి జాబితా తీశాడు. "గొలుసు మీ దగ్గరే ఉంచండి. నోరు మాత్రం నా దగ్గరుంచండి."

హాలు చప్పట్లతో మోగిపోయింది. యూజీన్ బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు. డెల్మార్ కళ్ళద్దాలు పెట్టుకుని జాబితా పైనుంచి కిందికి చదివాడు. ఏడో పేరు దగ్గర వేలు ఆగింది.

"ఈ టానర్, బంతి విసిరేవాడికి బదులు ఉంచినవాడు కదూ?"

"అవునండీ. పట్టడానికి మారాడు."

"అయితే విసిరేవాడు ఒక్కడే అన్నమాట."

డెల్మార్ జాబితాని తిరగేసి బల్ల మీద పరిచి, పెన్సిలుందా అని అడిగాడు.

అంత పెద్ద హాల్లో ఒక్కరి దగ్గరా పెన్సిలు లేకపోయింది.