అడ్జస్టరు గారికి ఘన స్వాగతం

"తుఫాను మన లైబ్రరీ కప్పు ఎగరగొట్టింది గానీ, మన పౌరుషాన్ని ఎగరగొట్టలేకపోయింది! బీమా కంపెనీ అంతు తేల్చడానికి పబ్లిక్ అడ్జస్టరును పెడుతున్నాను!" అని మేయర్ క్లేటన్ డుప్రీ గారు టౌన్‌హాలు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయన్నది కేవలం యాదృచ్ఛికం.

చప్పట్లు కొట్టిన పదకొండు మందిలో లైబ్రేరియన్ వెర్నా ఒకతె. ఫ్లోరిడా తీరంలోని ఆ చిన్న ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా ఆ లైబ్రరీయే ఆమె లోకం. బీమా వస్తే కొత్త కప్పు, రాకపోతే తలుపుకు తాళం. కంపెనీ పంపిన మనిషి పైకోసారి చూసి "పాత చెమ్మ, తుఫానుది కాదు" అని రాసుకుపోయాడు. అడ్జస్టరు అలా కాదు, మన తరఫున కొలిచి, నష్టం రుజువు చేసి, కంపెనీ మెడలు వంచే మనిషి. వెర్నాకు ప్రాణం లేచివచ్చింది.

అడ్జస్టరు రోండా ఫోన్లోనే చెప్పేసింది. "శుక్రవారం వస్తున్నానమ్మా. ఫొటోలు నేనే తీస్తా. అందాకా తడిసిన పుస్తకం గానీ, ఊడిన సీలింగు ముక్క గానీ కదిలించొద్దు. అవే మన సాక్షులు."

వెర్నా వెళ్ళి ఆ మాటే మేయర్ గారికి చెప్పింది.

"అంత పెద్దావిడ వస్తుంటే లైబ్రరీ ఆ అవతారంలోనా?"

"అలాగే ఉంచమన్నారండీ."

"మర్యాదకంటారమ్మా! వియ్యపురాలు 'ఏమీ వండొద్దు' అంటే వండటం మానేస్తామా?"

గురువారం నాలుగు ట్రక్కులొచ్చాయి. తడిసిన పుస్తకాలు చెత్తకుప్పకు పోయాయి. కప్పు మీది నీలం టార్పాలిన్ తీసేసి రేకులు కొట్టారు, లోపల సీలింగుకు తెల్లరంగు వేశారు. వెర్నా ట్రక్కుకు అడ్డంగా నిలబడి, "అయ్యో, సాక్షులండీ అవి!" అని మొత్తుకుంది.

"సాక్షులు కంపు కొడుతున్నారమ్మా," అన్నారు మేయర్ గారు శాంతంగా.

శుక్రవారం స్కూలు బ్యాండు మోగుతుండగా రోండా నిచ్చెన, చెమ్మ కొలిచే మీటరు పట్టుకుని దిగింది. సీలింగు వంక చాలాసేపు చూసింది.

"నష్టం ఏదండీ?"

"తమరి రాక సందర్భంగా తొలగించాం," అన్నారు మేయర్ గారు వినయంగా.

"పోనీ, తుఫాను మర్నాడు తీసిన ఫొటోలున్నాయా?"

నలభై ఉన్నాయి. నలభైలోనూ మేయర్ గారున్నారు. కప్పు ఒక్కదాంట్లోనూ లేదు. రోండా స్వాగతానికి పెట్టిన నిమ్మకాయ కేకు ముక్క ఒకటి తిని, నిచ్చెన కారుకు కట్టుకుని వెళ్ళిపోయింది.

మూడు వారాలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. "మళ్ళీ తనిఖీ చేశాం. భవనం అత్యుత్తమ స్థితిలో ఉంది. నష్టమేదీ కనిపించలేదు."

మేయర్ గారు రెండుసార్లు చదివి కళ్ళు తుడుచుకున్నారు. "అత్యుత్తమ స్థితి! కంపెనీ వాళ్ళే రాసిచ్చారు!" ఉత్తరానికి బంగారు ఫ్రేము కట్టించి, లైబ్రరీలో చదువుకునే గదిలో తగిలించి, ఎన్నికలకు వారం ముందు ఆవిష్కరించారు. ఫొటోలు తీస్తుండగానే వాన అందుకుంది. రేకుల సందుల్లోంచి చుక్కలు రాలుతుంటే వెర్నా ఓ మూల బకెట్టు పెట్టింది.

జనం వెళ్ళాక ఆ బకెట్టును ధార కట్టిన ఫ్రేము కిందికి జరిపింది. తలుపుకు తాళం వేసి, తాళంచెవి తెచ్చి మేయర్ గారి బల్ల మీద పెట్టింది.

ఆయన ఫొటోల్లోంచి తలెత్తారు.

"బకెట్టు వీటిల్లో ఎక్కడా పడలేదు కదమ్మా?"