కొలతల మావయ్య ఈతకొలను

వీధిలో అందరూ ఆయన్ని కొలతల మావయ్య అంటారు. జేబులో టేపు లేకుండా ఆయన తన పెళ్ళికి కూడా వెళ్ళలేదు. అలాంటి ఇంజినీరుకు నడుం పట్టేసి, డాక్టరు రోజూ ఈత కొట్టమన్నాడు. ఇంకేముంది, తమ నూట ముప్పై ఏళ్ళ ఇంటి వెనక, పైకప్పుతో సహా ఈతకొలను కట్టేద్దామని మావయ్య పెన్సిలు చెక్కారు.

కొలను పెరట్లో సరిపోతుంది. నీళ్ళు వేడిచేసే యంత్రానికీ తేమ లాగేసే యంత్రానికీ మాత్రం ఇంట్లో ఒక గది ఖాళీ చెయ్యాలి. పెరటివైపు ఉన్నవి రెండే. ఒకటి భార్య కుట్టుగది, రెండోది మావయ్య మధ్యాహ్నాలు తలుపేసుకుని తెగ పనిచేసే గది. ఆ పని తాలూకు గురక వీధి మలుపు దాకా వినపడేది.

ప్లానులో యంత్రాలు కుట్టుగదిలో పడ్డాయి.

"ఏమండీ, ఇందులో నా మిషనేదీ?" అంది భార్య.

"వంటింట్లోకి జరిపాను. అక్కడ వెలుతురు బాగుంటుంది."

"మీ గది జరగలేదే?"

"అది కదిపితే లెక్కంతా తప్పుతుందోయ్. ఇంజినీరింగు నీకు చెప్పినా అర్థం కాదు."

"సరే, మీరెలా గీస్తే అలాగే," అందావిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఇరవయ్యేళ్ళ కుట్టుగది ఇంత తేలిగ్గా చేతికొచ్చేసరికి మావయ్యకు కాస్త చిన్నతనంగా అనిపించింది. గట్టిగా పోట్లాడుతుందని మూడు జవాబులు సిద్ధం చేసుకున్నారు మరి.

వారం తిరక్కుండా పాత కట్టడాల్ని కాపాడే ఆఫీసు నుంచి అధికారిణి వచ్చింది. ఆవిడ సంతకం లేనిదే పలుగు లేవదు. గోడల్ని వేళ్ళతో తట్టుకుంటూ ఇల్లంతా తిరిగింది.

"ఈ గది చూడండి," అంది భార్య, మావయ్య గది తలుపు తీసి. "ఈయన దగ్గరుండి కట్టించుకున్నారు."

పొగిడితే మావయ్య ఆగలేరు. "ఈ ఇల్లు మీ జాబితాలోకి ఎక్కకముందే, పాత సున్నపు గోడలు పీకించి సిమెంటుతో లేపించానండీ. ఇంట్లో పాత ఇటుక ఒక్కటీ లేని గది ఇదే. చుక్క తేమ పీల్చదు."

"మొత్తం కొత్తదేనా?"

"పునాదితో సహా," అన్నారు మావయ్య, గోడను ఆప్యాయంగా తట్టి.

అధికారిణి సంతోషంగా రాసుకుంది. "అయితే మీ పని సులువైంది. పాత గోడలున్న గదుల్లో యంత్రాలు పెట్టనివ్వం. కుట్టుగది ముట్టుకోకూడదు. వాటిని ఇందులో పెడితే ఇప్పుడే సంతకం చేస్తాను."

గోడ మీద మావయ్య వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"చెప్పండి, కొలను కావాలా, గది కావాలా?" అంది భార్య.

సరిగ్గా అప్పుడే నడుం కలుక్కుమంది. "కొలనే," అన్నారు గొణుగుతూ.

అధికారిణి వెళ్ళాక ఆయన భార్యను ఓరగా చూశారు. "ఈ రూలు నీకు ముందే తెలుసు కదూ?"

"మీరు ప్లాను మొదలెట్టిన మర్నాడే వాళ్ళాఫీసుకెళ్ళి అడిగొచ్చాను."

నిస్సత్తువగా కూర్చోబోయి చూస్తే పడక్కుర్చీ లేదు. ఇందాకటి ఊపులో ఆయన గమనించనే లేదు.

"నా కుర్చీ ఏదీ?"

"పొద్దున్నే నా గదిలో వేయించాను, కిటికీ పక్కన. మీకు గాలి ఆడాలి కదండీ."

మావయ్యకు సిగ్గేసింది, లోలోపల కాస్త హాయిగానూ అనిపించింది. తలొంచుకుని కుట్టుగదిలోకి వెళ్ళి కూర్చున్నారు. భార్య ఆయన ఒళ్ళో ఒక చొక్కా, నాలుగు గుండీలు పెట్టి, తన మిషను తొక్కడం మొదలుపెట్టింది.