ఉటోరి సముద్రంలో ఓర్కాల లెక్క

"ఉటోరి సముద్రంలో లెక్కకు రాని ఓర్కా తిమింగలం ఒక్కటి కూడా మిగలరాదు. ఇది నా ప్రతిజ్ఞ!" అని మత్స్యశాఖ సహాయ మంత్రి నెగిషి తదావొమి గారు టౌన్ హాల్లో ప్రకటించగానే చప్పట్లకు కిటికీ అద్దాలు అదిరాయి. గత ప్రభుత్వాలు ఈ మూగజీవాలను అంకెల కింద కూడా జమకట్టలేదని చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

వెనక వరసలో కూర్చున్న కజికావా షినోబు కూడా చప్పట్లు కొట్టింది. ఏటా వేసవిలో ఓడెక్కి ఆ తిమింగలాలను లెక్కపెడుతున్నది ఆమే. ఆ సంగతి మంత్రిగారికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఆయన ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఆమెకూ ఇష్టం లేకపోయింది. కిందటేడు ఓడ డీజిల్‌కే కోత పడింది. ఈ మహానుభావుడి పుణ్యాన ఈసారి సర్వే గట్టెక్కితే చాలనుకుంది.

ఓడ బయల్దేరిన ఉదయం ఆకాశం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంది. మంత్రిగారితో పాటు సెక్రటరీ హిదాకా, కొందరు విలేఖరులు, ఒక మెత్తటి కుర్చీ ఎక్కారు. పాఠాలు చెప్పేవాళ్ళనీ, షినోబులాంటి పరిశోధకులనీ, చట్టాలు చేసేవాళ్ళనీ ఒకే గౌరవంతో 'సెన్సెయ్' అని పిలవడం ఆ దేశాచారం. కాబట్టి ఎవరు "సెన్సెయ్!" అన్నా ఓడలో రెండు తలలు తిరిగేవి. మంత్రిగారిది ముందు తిరిగేది.

మ్యాపులో గీసిన గీత వెంట ఓడ తిన్నగా సాగింది. పైనున్న మంచె మీద షినోబు బైనాక్యులర్స్ పట్టుకుని నిలబడింది. చాలాసేపటి దాకా నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. మంత్రిగారు కుర్చీలోంచి తలెత్తారు.

"ఇక్కడ లేవు కదా సెన్సెయ్, మరి ఇటెందుకు పోతున్నాం?"

"లేనిచోట కూడా చూడాలండీ. ఉన్నచోటికే పోయి లెక్కపెడితే సముద్రం నిండా అవే ఉన్నాయనిపిస్తుంది."

"లేనిచోటికి పోవడమేమిటి! మనకు ఓట్లు లేని ఊరికి నేనెప్పుడైనా పోయానా? హిదాకా, పోయానా?"

"దారి తప్పి కూడా పోలేదండీ."

ఓడ గీత వదిలి, తీరం వంపు తిరిగే ఇవాగో మలుపు వైపు తిరిగింది.

అక్కడున్నాయి ఓర్కాలు. ఏడు. ముందు ఈదుతున్న ముసలిదాని వీపు రెక్క అంచు చిరిగి ఉంటుంది. షినోబు దాన్ని చిరుగుల బామ్మ అంటుంది. ఈసారి దాని పక్కన పుట్టినప్పటి పసుపు ఛాయ ఇంకా పోని బుల్లి పిల్ల ఒకటి. చలికాలం గడిచి బామ్మ బతికి వచ్చింది, వంశమూ పెరిగింది. షినోబు తన పుస్తకంలో పిల్లను కూడా రాసుకుంది.

"ఏడు!" అన్నారు మంత్రిగారు. ఓడను చుట్టూ తిప్పించారు. "పద్నాలుగు!"

"అవే ఏడండీ. వెనక్కి తిరిగాయి."

"అయితే ఏం? నా సభలకు వచ్చిన జనమే బస్సెక్కి మూడు హాళ్ళకు వస్తారు. పేపర్లవాళ్ళు మూడుసార్లూ లెక్కేస్తారు. మనుషులకిచ్చే మర్యాద తిమింగలాలకు ఎందుకివ్వరు?"

భోజనాల వేళకు ఓర్కాల జనాభా నలభై దాటింది. టూరిజం సంఘానికి శుభవార్త పంపుదామనుకుంటుండగా హిదాకా ఫోన్ మోగింది. మంత్రిగారి అభిమాన సంఘం అధ్యక్షుడు. ఇవాగో మలుపులోనే అలలకు అడ్డుగోడ కట్టబోతున్న కాంట్రాక్టరు కూడా ఆయనే. అక్కడ తిమింగలాలుంటే గోడకు అనుమతి రాదు.

మంత్రిగారు ఫోన్ పెట్టేసి సముద్రాన్ని కొత్త కళ్ళతో చూశారు.

"హిదాకా, ఇవి మనవి కావు. రష్యావి. చుట్టపుచూపుగా వచ్చాయి."

హిదాకా ముఖం పాలిపోయింది. "అయ్యా, అవి వచ్చింది రష్యా పట్టుకు కూర్చున్న అవతలి దీవుల నుంచి. ఆ దీవులు మనవేనని మీరు నెలనెలా ఉపన్యాసం ఇస్తున్నారు. తిమింగలం రష్యాదంటే దీవి కూడా వాళ్ళకి రాసిచ్చినట్టే."

"అయితే మనవే."

"మనవైతే గోడ ఆగుతుందండీ."

మంత్రిగారు కళ్ళు మూసుకున్నారు. గొప్పవాళ్ళు కళ్ళు మూసుకున్నప్పుడే దేశం ముందుకు పోతుంది. తెరిచి, "పొగమంచు," అన్నారు.

కెప్టెన్ ఒనోదెరా ఎండకు కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఎక్కడండీ?"

"నా కళ్ళముందే. నాకేమీ కనపడటం లేదు. మీకేమైనా కనపడుతోందా?"

కెప్టెన్ వచ్చే వసంతంలో రిటైరవుతాడు. "కనపడటం లేదండీ," అన్నాడు. ఆయన రూల్స్ మనిషి. మంచులో ఓడ హారన్ కొడుతూ పోవాలి. కొట్టించాడు. ఆ మోతకు పిల్ల ఓర్కా బెదిరి తల్లి పొట్టకిందికి దూరింది. విలేఖరులు కెమెరాలకు మూతలు పెట్టి, ముఖాలకు సన్‌స్క్రీన్ రాసుకున్నారు.

"నాకు కనపడుతున్నాయి," అంది షినోబు.

మంత్రిగారు మంచె మెట్లెక్కి వచ్చి గొంతు తగ్గించారు. "సెన్సెయ్, వచ్చే ఏడు మీకు కొత్త ఓడ. పేరు మీరే పెట్టండి. ఇవాళ్టికి మాత్రం కాస్త మంచు పట్టనివ్వండి."

ఆమె కొత్త ఓడ గురించి ఆలోచించలేదంటే అబద్ధం. దాని రంగు దాకా ఆలోచించింది. ఈలోగా బామ్మ కింద నీళ్ళలో బుస్సున ఊపిరి వదిలింది.

రేవులో మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఉటోరిలో ఓర్కాలు లేవని శాస్త్రీయంగా రుజువైంది. లెక్కకు రానిది ఒక్కటీ మిగల్లేదు!"

చప్పట్లు ఆగకముందే షినోబు మైకు లాక్కుంది. "ఏడు. అందులో ఒకటి పసిపిల్ల. మలుపులోనే ఉన్నాయి. మంచూ లేదు, మసీ లేదు. ఎండకి మీ ముక్కులన్నీ కమిలిపోయాయి, అద్దంలో చూసుకోండి!"

విలేఖరులు ముక్కులు తడుముకున్నారు. వాళ్ళలో పెద్దాయన నిజమైన కుతూహలంతో అడిగాడు:

"అంత మంచులో మీకెలా కనపడ్డాయి సెన్సెయ్?"

మర్నాటి పేపర్లో మొదటి పేజీలో మంత్రిగారి ఫోటో వేశారు. వెనక తళతళలాడే సముద్రం, మనిషెత్తు నల్లటి రెక్క. కింద 'దట్టమైన మంచులో ప్రాణాలకు తెగించి' అని ఉంది. ఆ పక్కనే చిన్న వార్త: దృష్టి లోపం కారణంగా సర్వే అధికారిణి కజికావాకు ప్రభుత్వ ఖర్చుతో నిరవధిక విశ్రాంతి.

షినోబు రేవు పక్కన ఫుసె అవ్వ కొట్టుకు వెళ్ళింది. అవ్వ గబగబా గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. టీ కప్పు చేతిలో పెట్టి వేళ్ళు దాని చుట్టూ మూసింది.

"వేడి, జాగ్రత్త తల్లీ. పేపర్లో చూసి నా ప్రాణం ఉసూరుమంది. చిన్న వయసులో ఇదేం కష్టమే నీకు!"

"నా కళ్ళకేం కాలేదవ్వా."

"మొదట్లో అందరూ అలాగే అంటారు. మా ఆయనా అన్నాడు." అవ్వ ఆమె వీపు నిమిరి, తెరిచి ఉన్న తలుపులోంచి మలుపు వైపు చూసింది. ముఖం విప్పారింది. "అదిగో, వచ్చాయే! చిరుగుల రెక్కది ముందుంది, పక్కన పిల్ల ఎలా గెంతుతోందో..."

అంతలో నాలిక్కరుచుకుని షినోబు చెయ్యి గట్టిగా నొక్కింది.

"అయ్యో, నీకు కనపడవు కదూ."