అమ్మాసి వాకిట్లో ముగ్గు

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన ఏడాది, మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, పొగమంచు ఇంకా విడవని ఓ ఉదయం, స్కౌటు మాస్టరు నాగలింగం చూలై వీధిలో వంగి దారి చూపే బాణాలు గీస్తున్నాడు. మందబుద్ధులని బడివాళ్ళు పంపించేసిన పిల్లలను పోగేసి అతను ఒక దళం పెట్టాడు. వాళ్ళంటే అతనికి ప్రాణం. అక్షరాలు అంతుపట్టని ఆ పిల్లలు గుర్తులను మాత్రం గడగడా చదివేస్తారు. ఆ రోజు స్కౌటు కమిషనరు ఎదుట బాణాల వెంట చివరిదాకా వస్తే బ్యాడ్జీలు, రాకపోతే దళమే రద్దు.

చివరి గుర్తు సున్నా, మధ్యలో చుక్క. 'నేను ఇల్లు చేరాను' అని దానర్థం. అన్ని వాకిళ్ళలోనూ ముగ్గులుంటే సున్నా ఎక్కడ కనబడుతుంది? అమ్మాసి ముసలమ్మ పోయినప్పటినుంచి తాళం పడిన ఇంటి ముందు మాత్రం నేల ఖాళీగా ఉంది. నాగలింగం అక్కడ ముగ్గుపిండితో గబగబా గీసి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు.

ఎదురింటి రాజలక్ష్మి తలుపు తీసి కెవ్వుమంది. "అయ్యయ్యో, అమ్మాసి వచ్చి ముగ్గేసి పోయిందే!"

వీధంతా పోగైంది. వేపాకులొచ్చాయి, కర్పూరం వెలిగింది.

"ఏసినోడు మనిషైతే చేతులిరిచేస్తా," అన్నాడు పాలమ్మే పెరుమాళ్.

నాగలింగం పిండి చేతులను నిక్కరు జేబుల్లో దాచుకున్నాడు. రాజలక్ష్మి బిందెడు పసుపునీళ్ళు కుమ్మరించింది. సున్నా కొట్టుకుపోయింది. దళమూ పోయినట్టేననుకున్నాడతను.

అంతలో బాణాలు చూసుకుంటూ పిల్లలు, వాళ్ళ వెనక కమిషనరు వచ్చారు. కన్నియప్పన్ అనే కుర్రాడు తడి గడప మీద నిలబడి, కిటికీ ఊచల్లోంచి లోపలికి చూసి సెల్యూట్ చేశాడు.

"దొరికింది సార్! సున్నా, చుక్క. ఇల్లు చేరినాను అని ఉండాది."

కమిషనరు తొంగిచూశాడు. తుప్పుపట్టిన తాళం వెనక, దుమ్ము పేరుకున్న నేల మీద తెల్లని సున్నా. చుట్టూ ఒక్క అడుగుజాడ లేదు.

ఆ తర్వాత వీధిలో పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు. పక్కపేట పురసవాక్కం దాకా పరుగెత్తి, ఓ బట్టలకొట్టు అరుగు మీద కూలబడి కమిషనరు, "మీ పిల్లలు పాసయ్యారయ్యా. నేనే వచ్చి బ్యాడ్జీలు పెడతాను," అన్నాడు. పిల్లలు అక్కడే ఉండిపోయారని అప్పుడు గుర్తొచ్చింది నాగలింగానికి. సిగ్గుతో వెనక్కి పరుగెత్తాడు.

నేర్పినట్టే వాళ్ళు వరుసలో నిలబడి ఉన్నారు.

"ఆయమ్మ ఇంటికి పొమ్మనింది సార్," అన్నాడు కన్నియప్పన్. "మా సార్ వచ్చేదాకా కదలం అని చెప్పినాము."

"ఏ ఆయమ్మరా?"

"లోపల ముగ్గేస్తా ఉండే ఆయమ్మ."

బ్యాడ్జీలు పోస్టులో వచ్చాయి.